అద్దం మీద నాలుగో పట్టీ

నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్రెస్సులో నేను ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మందుల అట్టపెట్టెలు, వాటిలో మడిచిపెట్టే కాగితాలు మా దగ్గర అచ్చవుతాయి. మిషను ఎక్కే ముందు ప్రతి అక్షరం సరిచూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఒక చుక్క ఎగిరిపోయినా, ఒక సున్నా ఎక్కువ పడినా నా ప్రాణం తీస్తారు. అందుకేనేమో నాకు తప్పులంటే ఒళ్లు మంట. హోటల్లో మెనూ చూసినా, పెళ్లిపత్రిక చూసినా ముందు వత్తులే వెతుకుతాను. నాతో పెళ్లిళ్లకు రావాలంటే నా భార్యకు భయం, పత్రిక పట్టుకుని పెళ్లికూతురి తండ్రి దగ్గరికి పోతానని.

ఆ మడత కాగితం మీరూ చూసే ఉంటారు. మాత్రల పెట్టె తెరవగానే చేతికి అడ్డమొస్తుంది. విప్పితే చిన్న తువ్వాలంత అవుతుంది, మళ్లీ మడవడం ఎవరి తరమూ కాదు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. కొత్తగా చేరినవాళ్లకు మా యజమాని పని చెబుతూ ఒకసారి అన్నాడు: "ఇది పేషెంట్ సదవనీకి కాదు. రేపు ఎవడన్న కోర్టుకు పోతే సూపెట్టనీకి." అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

ఆ నవ్వు నా దగ్గరికి తిరిగొచ్చింది. మా మనవరాలి ప్రాణం మీదికి తెచ్చి మరీ వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల పక్క గదిలో పప్పు గిన్నె బోర్లించి దాని మీద కూర్చుని అరుస్తోంది కాబట్టి ఇదంతా స్థిమితంగా రాయగలుగుతున్నాను. లేకపోతే రాసేవాణ్ణి కాదు.

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, తగ్గిందనుకున్నాం, మూడేళ్ల తర్వాత వెన్నెముకలో తేలింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నల్గొండ దిక్కు పొలంలో పనిచేసిన ఒళ్లు, నొప్పి అనే మాట ఆమె నోట వినడానికే నాకు నలభై తొమ్మిదేళ్లు పట్టింది. మొదట్లో పళ్లు బిగబట్టి ఊరుకునేది. తర్వాత మంచం పట్టెను పట్టుకునేది. ఆ పట్టె మీద ఆమె చేతివేళ్లు తెల్లబడడం చూసి నేను బయటికి పోయేవాణ్ణి. మాత్రలు ఇస్తే వాంతులు. తిన్నది నిలిచేది కాదు.

అప్పుడు ఉప్పల్‌లో మేము చూపించే ఆసుపత్రి నొప్పి విభాగంలో డాక్టరమ్మ ఈ పట్టీ రాసింది. అగ్గిపెట్టెలో సగముంటుంది, పల్చగా, కంటికి ఆనీ ఆననట్టు. మెడ కింద ఎముక దగ్గర అంటిస్తే చర్మంలోంచి మందు కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగుతుంది. మూడు రోజులకు ఒకటి. బయట మందుల దుకాణాల్లో దొరకదు, అక్కడే ఇస్తారు. పదిహేను రోజులకు ఐదు. మళ్లీ వెళ్లినప్పుడు ఒంటి మీద ఉన్నది కాక వాడేసిన నాలుగూ వాళ్లిచ్చిన కవర్లో పెట్టి తిరిగి అప్పజెప్పాలి. నర్సు లెక్క చూసుకుని, రిజిస్టర్లో రాసుకుని, అప్పుడు కొత్తవి ఇస్తుంది. ఈ తతంగం చూసి నాకు చిరాకేసింది. చెత్తబుట్టలో వేయాల్సినదాన్ని మోసుకు రమ్మనడమేమిటని నర్సు వినేలాగే గొణిగాను.

మొదటి పట్టీ అంటించిన మర్నాడు అమ్మ పొద్దున్నే లేచి, గోడ పట్టుకుని, వంటింట్లోకి నడిచి వచ్చింది. నా భార్య పెట్టిన చాయ్ ఒక గుక్క తాగి, "ఇది చాయా, కుడితా?" అంది. రెండు నెలల్లో అమ్మ మమ్మల్ని తిట్టడం అదే మొదటిసారి. మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను ప్రెస్సుకు పోయి అందరికీ మిఠాయి పంచాను, ఎందుకని అడిగితే మా అమ్మ తిట్టిందని చెప్పాను.

ఇక అద్దం సంగతి. మా బాత్‌రూంలో కుళాయి పైన గోడకు ఒక అద్దం ఉంది. దాని అంచుల నిండా బొట్టుబిళ్లలు. ఏ ఇంట్లోనైనా అంతే కదా. ఆడవాళ్లు స్నానానికి ముందు బొట్టు తీసి అద్దానికి అంటిస్తారు, ఒళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటారు. మా అమ్మవి ఎర్రవి, పెద్దవి. నాన్న పోయినప్పుడు బొట్టు తీయమని చెప్పిన చుట్టాలకు, "నా నొసలు, నా ఇష్టం" అని చెప్పిన మనిషి ఆమె. ఆ రోజు నుంచి బొట్టు మరింత పెద్దదైంది. మా అమ్మాయి పెళ్లై మా వీధిలోనే ఉంటుంది, హబ్సిగూడలో ఉద్యోగం. పొద్దున్నే పిల్లను మా దగ్గర దింపిపోతుంది. రెండున్నరేళ్లది. ఆ పిల్లకు పళ్లు తోమాక తాతమ్మ అద్దం మీది నుంచి ఒక చిన్న బిళ్ల తీసి నొసట పెట్టాలి. అది రోజూ జరగాల్సిందే. లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది.

అమ్మకు తలంటుకుంటేనే స్నానం చేసినట్టు. పట్టీ పెట్టాక ఆమెకు ఒక ఇబ్బంది వచ్చింది. సబ్బు నురగకు పట్టీ మూల లేస్తోంది. ఆమె తనకు తెలిసిన పని చేసింది. బొట్టు తీసినట్టే పట్టీ కూడా తీసి, అద్దానికి బొట్టు పక్కన అంటించి, తలంటుకుని, తడి ఆరాక మళ్లీ మెడ కింద అద్దుకుంది. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని ఆమెకెందుకు తోస్తుంది? అరవై ఏళ్లుగా అద్దానికి అంటించి మళ్లీ పెట్టుకుంటూనే ఉంది.

ఒక ఆదివారం తలంటు, పట్టీ మార్చే రోజు కలిసి వచ్చాయి. స్నానమయ్యాక నా భార్య కొత్త పట్టీ విప్పుతూ, "పాతది తీసినవా అత్తమ్మా?" అని అడిగింది. "తీసిన" అంది అమ్మ. నిజమే, తీసింది. అది కవర్లోకి పోయిందని మా ఆవిడ అనుకుంది. మా ఆవిడ కవర్లో వేసిందని అమ్మ అనుకుంది. అది అద్దం మీద ఎర్ర బిళ్లల మధ్య కనిపించీ కనిపించకుండా ఉండిపోయింది.

బుధవారం పదకొండు గంటలప్పుడు నేను కవరు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. నర్సుకు ముప్పై ఏళ్లుంటాయి, వరంగల్ దిక్కు మనిషి, మాట మెత్తన. చేతులకు తొడుగులు వేసుకుని కవరు ట్రేలో గుమ్మరించింది. ఒకసారి చూసింది. కవరు దులిపి మళ్లీ చూసింది.

"మూడే ఉన్నయి సార్. నాలుగుండాలె."

"ఎక్కడో పడిపోయి ఉంటుంది మేడమ్, చెత్తలో పోయుంటది" అన్నాను. నాకు పనికి ఆలస్యమవుతోంది.

ఆమె రిజిస్టర్ మూసేసింది. "మీ ఇంట్ల చిన్నపిల్లలున్నరా?"

"మనవరాలు. పగలు మా దగ్గరే ఉంటది."

"ఇప్పుడు ఏం జేస్తున్నదో అడుగుండ్రి సార్. వాడిన పట్టీల గూడ మస్తు మందుంటది. పెద్దామె ఒళ్లు అలవాటు పడ్డది. పిల్లకు అంటుకుంటే ఊపిరి ఆగుతది."

నేను ఫోన్ చేశాను. నర్సుతో వాదించడానికి సాక్ష్యం కోసం చేసినట్టే చేశాను, దాచడమెందుకు. నా భార్య ఎత్తింది.

"పాప ఏం చేస్తోంది?"

"పండుకున్నది. పొద్దటిసంది మబ్బు మబ్బుగనే ఉన్నది. పాలు గూడ తాగలే. ఏందట్ల అడుగుతున్నవ్?"

మా మనవరాలు పదకొండింటికి పడుకోవడం ఎప్పుడూ లేదు. జ్వరమొచ్చిన రోజు కూడా మంచం మీద ఎగిరింది. నర్సు నా మొహం చూసి ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"అమ్మా, నేను ఆసుపత్రి నర్సును మాట్లాడుతున్న. పాప అంగీ విప్పుండ్రి. వీపు, సంకలు, పొట్ట, అంతా సూడుండ్రి. మీ అత్తమ్మకు పెట్టే పట్టీ కనవడుతదేమో."

కాసేపటికి మా ఆవిడ కేక నాకు కూడా వినిపించింది. పట్టీ పిల్ల మెడ కింద ఉంది. తాతమ్మ ఎక్కడ పెట్టుకుంటుందో సరిగ్గా అక్కడ, గౌను లోపల. పొద్దున పళ్లు తోమడానికి పీట ఎక్కించినప్పుడు అద్దం మీది నుంచి తనే తీసుకుంది. ఆ రోజు తాతమ్మ పూజలో ఉండి రావడం ఆలస్యమైంది, అంతే.

"ఫికర్ జేయకు అమ్మా, నేను జెప్పినట్టు జెయ్. మెల్లగ పీకు. జిగురు జిగురుకు మడువు, పారెయ్యకు, తీస్కరా. ఆడ ఒట్టి చల్లనీళ్లతోని కడుగు. సబ్బు వద్దు, వేడినీళ్లు వద్దు. పాపను పిలుస్తనే ఉండు, పండుకోనియ్యద్దు. ఆటో ఎక్కి ఇటే రా, నేను గేటు కాడ ఉంట. దీనికి విరుగుడు సూదున్నది. ఇన్నవా? విరుగుడున్నది."

ఆ చివరి మాట ఆమె మా ఆవిడకు చెప్పిందో నాకు చెప్పిందో తెలియదు. రెండుసార్లు చెప్పింది. తర్వాత ఎమర్జెన్సీకి ఫోన్ చేసి మంచం, మందు సిద్ధం చేయించింది.

నాచారంలో మా ఇంటి నుంచి ఆటోకు ఇరవై నిమిషాలు. నేను గేటు దగ్గర నిలబడి మెట్రో స్తంభాల మధ్య నుంచి వచ్చే ప్రతి ఆటోనూ చూశాను. అన్నీ పసుపుపచ్చవే. నిలబడ్డ ఆ ఇరవై నిమిషాల్లో మరొకటి గుర్తొచ్చింది.

నాలుగు నెలల కిందట, మొదటిసారి పట్టీలు ఇచ్చిన రోజు, ఇదే నర్సు నన్ను కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. నాకు ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది. ఒక దగ్గు మందు పెట్టె మీద 'పిల్లలకు అందకుండా ఉంచండి' అన్న వాక్యంలో ఒక అక్షరం తప్పు పడిందట. నేను ఒక చెవికి ఫోన్ పెట్టుకుని, సున్నా ఎక్కడ పడాలో వాళ్లకు చెబుతూ, నర్సు మాటలకు తల ఊపాను. ఆమె ఆగింది, నేను "చెప్పండి చెప్పండి" అన్నాను. చివర్లో ఇంగ్లిష్ కాగితం ముందుకు జరిపితే సంతకం చేశాను. అన్నీ వివరించారు, అర్థమయ్యాయి అని ఆ కాగితంలో ఉంది. ఇంటికొచ్చి అమ్మకు రెండే చెప్పాను: మూడు రోజులకు మార్చాలి, పాతది కవర్లో వేయాలి.

ఆటో వచ్చింది. మా ఆవిడ ఒళ్లో పిల్ల. పక్కన అమ్మ. నడుము నిలవని మనిషి ఆటోలో కూర్చుని ఆ గతుకుల్లో వచ్చింది, పిల్ల అరికాళ్లు రుద్దుతూ. ఇద్దరూ ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి పిలిచి గొంతులు పోగొట్టుకున్నారు. పిల్ల కళ్లు సగం తెరిచి ఉన్నాయి, ఎవరినీ చూడడం లేదు. నర్సు ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది.

సూది వేశారు. డాక్టరు ఊపిరి లెక్కపెడుతూ నిలబడ్డాడు. నేను తలుపు అద్దంలోంచి ఆ చిన్న ఛాతీనే చూస్తున్నాను. కొన్ని నిమిషాలకు లోపలి నుంచి కేక వినిపించింది. మా మనవరాలి కేక. ఇల్లు పీకి పందిరేసే కేక. డాక్టరును తన్ని, నొసలు తడుముకుని, "నా బొట్టేది?" అని ఏడుపు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే కుర్చీలో కూలబడి నేను పెద్దగా ఏడ్చాను, నలుగురూ చూస్తున్నా ఆగలేదు. అమ్మ తన నొసటి మీది ఎర్ర బిళ్ల తీసి నర్సుకు ఇచ్చింది, పిల్లకు పెట్టమని.

మందు ప్రభావం మళ్లీ తిరగబడవచ్చని ఒక రోజంతా ఉంచుకున్నారు. తిరగబడలేదు. గురువారం సాయంత్రం అమ్మకు కొత్త పట్టీలు తీసుకుని ఇంటికి వచ్చాం.

శుక్రవారం మా బావమరిది వచ్చాడు. మల్కాజిగిరి కోర్టులో వకీలు. మేనకోడలి బిడ్డంటే అతనికి ప్రాణం, అందుకే కోపం కూడా ఎక్కువగానే ఉంది. సోఫాలో కూర్చుని కాగితాలు అడిగాడు.

"బావా, గట్టి కేసు. హెచ్చరిక అంతా ఇంగ్లిష్‌ల ఉన్నది. మా అత్తకు ఇంగ్లిష్ వస్తదా? ఎవ్వలన్న తెలుగుల సెప్పిన్రా? వినియోగదారుల కమిషన్‌ల ఏస్త. ఆసుపత్రి మీద, పట్టీలిచ్చిన నర్సు మీద. నువ్వు ఒక్క ముక్క జెప్తె చాలు, మాకు ఎవ్వరూ ఏం జెప్పలే అని."

నేను పట్టీ పెట్టెలోని కాగితం విప్పాను. ప్రెస్సులో వాడే భూతద్దం తెచ్చుకుని కిటికీ దగ్గర నిలబడి చదివాను. నాలుగో మడతలో ఉంది. వాడిన పట్టీలో కూడా పిల్లల ప్రాణం తీసేంత మందు మిగిలి ఉండవచ్చని, తీసి ఎక్కడా అంటించవద్దని, వెంటనే మడవాలని. అక్షరదోషం ఒక్కటి లేదు. ఇలాంటి వాక్యాలు నా చేతి మీదుగా వేలల్లో పోయాయి. ఏ ఒక్కదాన్నీ నేను చదవలేదు, అక్షరాలు సరిచూశాను, అంతే.

అంతలో లోపలి గదిలోంచి మా ఆవిడ వచ్చి, అమ్మ కొత్త పట్టీ పెట్టించుకోవడం లేదని చెప్పింది. బుధవారమే ఆసుపత్రిలో ఒంటి మీదిది పీకేసి నర్సు చేతిలో పెట్టిందట. మళ్లీ పెట్టించుకోలేదు. నేను లోపలికి వెళ్లాను. అమ్మ మంచం పట్టె పట్టుకుని ఉంది. వేళ్లు తెల్లగా ఉన్నాయి.

"నాకొద్దురా గా పట్టీ. పిల్లను సంపబోయిన. నేనే అద్దానికి పెట్టిన. నా నొప్పి నేను పడ్త. ఇంట్ల అది ఉండద్దు."

తనే దోషి అన్నట్టు నా వైపు చూడకుండా మాట్లాడింది. నా జన్మలో మా అమ్మ నన్ను చూడకుండా మాట్లాడడం అదే మొదలు. అంతదాకా ఎలా చెప్పాలా అని చూస్తున్నది ఇక ఆగలేదు. బావమరిది గుమ్మంలో నిలబడి వింటున్నాడు, మా అమ్మాయి పిల్లను ఎత్తుకుని అతని వెనక ఉంది. అందరూ ఉండగానే చెప్పాను.

"అమ్మా, నీకు తెల్వదు. నాకు చెప్పింది. ఆ నర్సమ్మ నన్ను కూసోబెట్టి అన్నీ చెప్పింది. నేను ఫోన్‌ల ఉండి ఇనలే. సంతకం పెట్టి వచ్చిన. తప్పు నాది. నీది కాదు."

మా అమ్మాయి పిల్లను గుండెకు అదుముకుని బయటికి వెళ్లిపోయింది. బావమరిది చేతిలో కాగితాలు మడిచి, "ఇంక కేసేంది బావా, నువ్వే ఖతం జేసినవ్" అన్నాడు. కోపంగానే అన్నాడు కానీ వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. అతను చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. తెలుగు మాత్రమే చదివేవాళ్లకు ఇంగ్లిష్ కాగితమివ్వడం ఏం పద్ధతి? అది ఒప్పుకుని, కాగితం తెలుగులో ఉండాలని ఆసుపత్రికి ఒక అర్జీ రాశాం. అతనే రాశాడు, నేను వత్తులు దిద్దాను. పెద్దక్షరాల్లో ఒక పేజీ నేనే కూర్చి జతచేశాను. పైవాళ్లను అడిగి చెబుతామన్నారు, ఇంకా అడుగుతూనే ఉన్నారు.

అమ్మ చాలాసేపు నా మొహంలోకి చూసింది. "చిన్నప్పటిసంది గంతే నువ్వు. సదువుతున్నట్టే ఉంటవ్, బుర్రకెక్కదు" అంది. తర్వాత జాకెట్టు మెడ కొంచెం పక్కకు లాగి, "పెట్టుండ్రి మరి" అంది. నా భార్య పట్టీ అంటించింది. మర్నాటికి ఆ వేళ్లు మంచం పట్టెను వదిలేశాయి.

మా అమ్మాయి నాతో వారం రోజులు మాట్లాడలేదు. అది నాకు రావాల్సిందే. ఎనిమిదో రోజు పొద్దున పిల్లను దింపుతూ, "నాన్నా, బాత్‌రూం తలుపుకు పైన గొళ్లెం పెట్టించినవా?" అని అడిగింది. పెట్టించాను. పట్టీలకు తాళమున్న డబ్బా కూడా కొన్నాను. అద్దం మీద ఇప్పుడు బొట్టుబిళ్లలు తప్ప ఇంకేమీ ఉండవు, రోజుకు రెండుసార్లు నేను భూతద్దంతో చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

మళ్లీ పట్టీలు తెచ్చే రోజున కవరు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. నర్సు తొడుగులు వేసుకుని ట్రేలో గుమ్మరించింది. ఆమె వేలు ఒక్కొక్కదాని మీదికి పోతుంటే నేను ఊపిరి బిగబట్టాను, ఇంట్లో డబ్బాలో పెట్టేటప్పుడు నాలుగుసార్లు చూసుకుని కూడా.

"నాలుగున్నయి సార్" అని రాసుకుని, కొత్తవి బయటికి తీసి, సంతకానికి కాగితం ముందుకు జరిపింది. జేబులో ఫోన్ మోగడం మొదలైంది. ప్రెస్సు నుంచే అయి ఉంటుంది.

"మేడమ్, మొదటి రోజు చెప్పినయి మళ్లీ ఒకసారి చెప్తరా?" అన్నాను.

ఆమె తలెత్తింది. "ఏవి సార్?"

"అన్నీ. మొదటి నుంచి."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది.